పడుకోబెట్టిన దాగలి

మా బాపును చంపింది గడీ దొర మనుషులు. ఆ మాట ముందే చెప్తున్నాను. దెయ్యం కథ అనగానే అందరూ దెయ్యాన్నే తిట్టుకుంటారు, దొరల పేరెత్తరు.

రఘునాథపల్లి దగ్గర మా ఊరు. బాపు కమ్మరి మొండయ్య. తుపాకులు బాగుచెయ్యమని దొర వెట్టికి పిలిపిస్తే, లోపల తూటాను పొడిచే సన్నటి సూదుల మొనలు అరగదీసి ఇచ్చి వచ్చాడు. దొర ఆ తుపాకుల్ని రజాకార్లకిచ్చాడు, వాళ్ల చేతుల్లో అవి పేలలేదు. దొర మనుషులు మా కొలిమికే వచ్చి, ఇనుము సాగగొట్టే మా దాగలి మీదే బాపు వేళ్లు పెట్టించి సమ్మెటతో నలగ్గొట్టారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. ఆ సమ్మెట ఎత్తినవాడు మా ఊరివాడే. వాణ్ణి నేను క్షమించలేదు, క్షమించను.

మాలో కమ్మరి చనిపోతే దాగలిని పెరికి పక్కకు పడుకోబెడతారు. మైల తీరేదాకా ఇనుము ముట్టరు, కొలిమి రాజెయ్యరు. మేమూ అట్లాగే చేశాం. మైల ఇంకా తీరనేలేదు, భద్రు వచ్చాడు.

భద్రు పక్క తండా మనిషి, సంఘంలో తిరుగుతాడు. మిట్టమధ్యాహ్నం గొంగడిలో తుపాకి చుట్టుకొని వచ్చాడు.

"వజ్రక్కా, సూది ఇరిగింది," అన్నాడు మెల్లగా. "రేపు పొద్దుగాల రజాకార్లు తండా మీదికొస్తరట. మాకున్న తుపాకి గిదొక్కటే. నా బిడ్డ రుక్కి చిన్నది. గా పోరగాండ్లు ఎంత దూరం ఉరుకుతరు?"

మా అవ్వ కట్టమ్మ అడ్డం వచ్చింది. "మైలల ఇనుము ముట్టద్దు బిడ్డా. ఏదొస్తదో తెల్వది."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా కోపమంతా అవ్వ మీద పడింది. "బాపు ఏళ్లు నలగ్గొట్టినోళ్లు మంచి చెడ్డ చూసిండ్రా? నిప్పు రాజెయ్య, సుత్తె పట్ట. ఆకురాయితోని రాస్త, గంతే."

అవ్వ లోపలికి వెళ్లిపోయింది.

గస్తీవాళ్ల భయానికి కొలిమి తలుపులు మూశాం. లోపలంతా చీకటి, తలుపు సందుల్లోంచి పడే కాస్త వెలుగు తప్ప. తడి బూడిద వాసన, పాత తోలుతిత్తి వాసన. దాగలిని ఎంత కడిగినా పోని ఇంకో వాసన కూడా ఉంది. సాన పెట్టే ఇసుక తడిపి, ఉక్కు ముక్క పట్టుకొని కూర్చున్నాను. చిన్నప్పటి నుంచీ తిత్తి ఊదినదాన్నే, సమ్మెట వేసినదాన్నే. కానీ సన్న పని ఎప్పుడూ బాపుదే. ఆకురాయి జారిపోతోంది. ఉక్కు మీద గీత కూడా పడటం లేదు.

నాకు ఒళ్లు మండింది. ముక్కను తడి ఇసుకలో గుచ్చి తిట్టాను. "సచ్చి సుఖపడ్డవా బాపూ? నీ పని నా నెత్తిన పెట్టి పోయినవు. రా. వచ్చి చెయ్యి."

బయట కుక్క మూలిగింది. మాకైతే ఏ చప్పుడూ వినపడలేదు. కానీ నా పళ్లు జివ్వుమన్నాయి... తొట్టిలో నీళ్లు సన్నగా వణికాయి. ఉక్కు చుట్టూ ఇసుక చీమలు పారినట్టు కదిలింది.

చెయ్యి లేదు. ఆకురాయి లేదు. ఉక్కు సన్నబడుతోంది...

"అక్కా... ఎవరు?"

"మా బాపు."

భయం వేసింది. కానీ కోపం భయం కంటే పెద్దది. "కానియ్యి బాపూ. ఒక్కన్ని ఇడ్వద్దు," అన్నాను.

తడి ఇసుకలో వేళ్ల అచ్చులు పడ్డాయి. పొడుగాటి వేళ్లు. ఒక్కటీ నలగలేదు. చచ్చాక దెబ్బలు మానుతాయేమో అని నాకు నేనే చెప్పుకున్నాను.

సూది తుపాకిలో సరిగ్గా కూర్చుంది. భద్రు గొంగడి కప్పుకొని గడప దాటగానే నా పళ్ల జలదరింపు ఆగింది. కుక్క అతను వెళ్లిన దారి వైపే చూస్తూ వెనక్కి వెనక్కి జరిగింది. బాపు తోడు వెళ్లాడని సంతోషపడ్డాను.

మర్నాడు తెల్లవారుజాము నుంచి చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్క తూటా పేలలేదు. పొద్దెక్కాక ఉండబట్టక తండాకు పరుగెత్తాను. తండా బయట రజాకార్ల తుపాకులు పడి ఉన్నాయి, చెప్పులు పడి ఉన్నాయి. మనుషులు లేరు. లోపల గుడిసెలు కాలలేదు. పిల్లలు వాకిళ్లలోనే కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది.

భద్రు మూతికి తువ్వాల అడ్డం పెట్టుకొని గడపలో ఉన్నాడు.

"కాల్చినవా?"

తల అడ్డంగా ఊపాడు. తుపాకి నా వైపు తోశాడు. తూటా తూటాలాగే ఉంది.

"మరి వాళ్లేమైండ్రు? నోరిప్పవేంది?" తువ్వాల గుంజేశాను.

అతని పళ్లన్నీ సూదుల్లా చెక్కి ఉన్నాయి. పైవీ కిందివీ, అన్నీ ఒక్క తీరుగా, సందుల్లో ఆరిన నెత్తురు.

వెనక్కి తిరిగాను. అప్పుడు చూశాను, వాకిళ్లలో పిల్లలందరూ అరచేతులు మూతులకు అడ్డం పెట్టుకొని ఉన్నారు. ఒక్కరూ ఏడవడం లేదు.

రుక్కి వచ్చి నా కొంగు పట్టుకుంది. "నొప్పి లేదు పెద్దమ్మా," అంది.

"ఏదీ... నోరు తెరువు బిడ్డా."

తెరిచింది. మొన తేలింది ఒక్క పాలపన్నే. దాని పక్క పన్ను మీద తడి ఇసుక కదులుతోంది...