దీపం పెద్దదైతే

నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో, దశరథరామయ్యగారి తోటలో ఒక రేకుల షెడ్డు ఉంది. మామిడికాయలు మాగబెట్టే షెడ్డు. పగలు అందరూ వెళ్లేవాళ్లే. చీకటి పడ్డాక మాత్రం సైకిలు మీద పోయేవాడు అక్కడికొచ్చేసరికి గట్టిగా తొక్కుతాడు, బండివాడైతే ఎడ్లను అదిలిస్తాడు. అటు చూసినవాడికి జ్వరం తప్పదని ఆ చోటికి పేరు.

పేరు ఊరికే రాలేదు. ఎనభై ఆరు వేసవిలో సీతమ్మ అనే కూలిమనిషి మాగబెట్టే గదిలో గడ్డి పరవడానికి వెళ్లింది. లోపల ఉందని తెలియక ఎవరో తలుపు వేసేశారు. కార్బైడు గ్యాసు నిండిన గది. మళ్లీ తలుపు తీసేసరికి ముందు తలుపుకు ఆనుకుని కూర్చునే ఉంది... ప్రాణం మాత్రం లేదు. అప్పట్నుంచీ రాత్రిళ్లు లోపల్నుంచి తలుపు తట్టినట్టు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్లు.

నేను నమ్మలేదు. మావాళ్లకు భయం పుట్టాలేగాని తాటాకు కదిలినా దెయ్యమే. కానీ ఈ తర్వాతి సంగతి గంగరాజు నాకు స్వయంగా చెప్పింది. బండి తోలుకునే మనిషి. అబద్ధం అల్లేంత ఓపిక అతనికి లేదు.

ఎనభై ఏడు వేసవిలో ఆ షెడ్డులో ఇంకో వింత మొదలైంది. ముందు తలుపు పైనున్న కంతలో చిన్న వెలుగు. ఎర్రగా మినుకుమంటుంది... కాస్త పెరుగుతుంది... మళ్లీ తగ్గుతుంది. ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టే ఉండేది. ఇంకేముంది, సీతమ్మకు ఊపిరి తిరిగొచ్చిందన్నారు.

నిజానికి ఆ వెలుగు పెట్టింది దశరథరామయ్యగారి తమ్ముడి కొడుకు సత్యనారాయణమూర్తి. హైదరాబాదులో పుట్టి పెరిగి ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. సీతమ్మ సంగతి విని మనసు పాడై, ఇంకెవరికీ అలా జరగకూడదని ఒక మైక్రోప్రాసెసర్ కిట్టు తెచ్చి ముందు తలుపు పైన కంత దగ్గర పెట్టాడు. అక్కణ్ణుంచి గది మధ్యకు తీగ లాగాడు. కార్బైడు తడిసి గది వేడెక్కితే ఆ యంత్రం కనిపెట్టాలి.

ఆ తోటలో కరెంటు ఉండేదెప్పుడు గనక? అందుకని ట్రాక్టరు బ్యాటరీ మీద నడిపాడు. బ్యాటరీ త్వరగా అయిపోకూడదు కదా, ప్రోగ్రాంలో ఏ ముక్క ఎంత కరెంటు తింటుందో కంటికి కనపడాలని మధ్యలో ఒక చిన్న బల్బు కట్టాడు. ప్రాసెసర్ ఖాళీగా ఉంటే బల్బు ఎర్రగా ఉంటుంది. అది మేలుకుని వేడి ఎంతుందో చూసుకున్నప్పుడు కాస్త పసుపెక్కుతుంది. గది వేడెక్కిందంటే ఇక దానికి విశ్రాంతి లేదు, చూసిందే చూస్తూ ఉంటుంది, బల్బు తగ్గకుండా పసుపుగా వెలుగుతుంది. తను రాసిన కోడు పడే కష్టాన్ని అతను ఆ దీపంలో చూసుకుని మురిసిపోయేవాడు.

కావలి కాసే రాఘవయ్యకు ఇదంతా విడమరిచి చెప్పే తీరిక అతనికి లేదు. నూజివీడులో పెదనాన్నగారింటికి వెళ్తూ ఒక్క మాట చెప్పి వెళ్లాడు.

"దీపం పెద్దదైతే గది తలుపులు తీసెయ్యి రాఘవయ్యా. ఆలస్యం చెయ్యొద్దు."

"అట్టాగేనండీ" అన్నాడు రాఘవయ్య.

ఆ సాయంత్రం గంగరాజు కాయల లోడుతో నూజివీడు వస్తున్నాడు. దారిలో రాఘవయ్య భార్య అచ్చమ్మ క్యారేజీ పట్టుకుని నడుస్తూ కనిపిస్తే బండెక్కించుకున్నాడు. చింతచిగురు పప్పు చేశానని, చల్లారితే ఆయన ముద్ద దిగదని దారంతా చెప్పుకొచ్చిందట. షెడ్డు వెనకవైపు దింపేసరికి చినుకులు మొదలయ్యాయి.

"నువ్వు పో గంగన్నా. వెనక తలుపు తీసే ఉంటది" అని కొంగు నెత్తిన వేసుకుని పరిగెత్తింది.

తర్వాత కురిసింది మామూలు వాన కాదు. నూజివీడు మార్కెట్ యార్డులో కాయలు దింపి, వాన కాస్త తెరిపిచ్చాక గంగరాజు ఖాళీ బండితో తిరుగుముఖం పట్టాడు. అప్పటికి బాగా చీకటి పడింది.

షెడ్డు దగ్గరికి రాగానే ఎడ్లు ఆగిపోయాయి.

కంతలో వెలుగు... ఎర్రగా లేదు. పసుపుగానూ లేదు. తెల్లగా ఉంది. పెరగడం లేదు, తరగడం లేదు — అలా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో వాన చుక్కలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి.

చూరు కింద రాఘవయ్య, తలుపుకు వీపు తిప్పి, మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. రామ, రామ... అంతే.

"ఏంటది రాఘవయ్యా?" గంగరాజు గొంతు తగ్గించి అడిగాడు.

"తడతా ఉంది... సీతమ్మ. వాన మొదలైన కాసేపట్నుంచీ. నేను తియ్యను."

గంగరాజు చెవి పెట్టి విన్నాడు. రేకుల మీద వాన. ఆ వానలోంచి — టక్... టక్... టక్. ముందు తలుపే.

"మరి దీపం అట్టా ఉందేంటి? బాబుగారు ఏదో చెప్పే ఉంటాడుగా?"

"దీపం పెద్దదైతే తియ్యమన్నాడు. ఎక్కడ పెద్దదైంది? చూడు... ఎట్టా వెలుగుతుందో."

మా వైపు దీపాన్ని ఆరిందనరు. అపశకునం. పెద్దదైందంటారు. గాజు పగిలితే పెరిగిందన్నట్టే. పాపం, హైదరాబాదులో పెరిగిన మూర్తికి ఈ సంగతి తెలియదు. అందుకే రాఘవయ్య దీపం ఆరడం కోసం చూస్తూ కూర్చున్నాడు. గంగరాజుకూ ఆ మాట అలాగే అర్థమైంది. నిజమేలే అన్నట్టు తలూపి పక్కన కూర్చున్నాడు. భయం పోగొట్టుకోవడానికి బీడీ తీశాడు.

"తిన్నావా?"

"తిండెక్కడిది. ఈ వానకి మా ఆడమనిషి ఇంట్లోంచి కదిలి ఉండదు."

గంగరాజు చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది.

"నేనే దింపాను రాఘవయ్యా... వెనక తలుపు దగ్గర... వానకి ముందే."

అప్పుడు ఆగింది, లోపల చప్పుడు.

రాఘవయ్య లేచి తాళం తీశాడు. తలుపు తీయగానే వెల్లుల్లిపాయ కుళ్లినట్టు కార్బైడు వాసన గుప్పుమంది. పైకప్పు కారి, కాయల మధ్య పెట్టిన కార్బైడు పొట్లాలన్నీ తడిసిపోయాయి. వెనక తలుపుకు బయటినుంచి ఇనప గడియ పడి ఉంది. గాలికి తలుపు కొట్టుకుని పడిందో ఏమో.

ఆ వెనక తలుపు దగ్గరే అచ్చమ్మ పడి ఉంది. క్యారేజీ మూత కూడా కదల్లేదు. చేతుల చుట్టూ నేలంతా పగిలిన గాజుల ముక్కలు. వాటిని చూసి రాఘవయ్య ఏడవలేదు. "గాజులు పెరిగినయ్యి" అని ఒక్క మాటన్నాడట.

కబురందుకుని మూర్తి వచ్చాడు. పెద్దదైతే అన్న మాట ఇక్కడ ఏమైందో గంగరాజు చెబితే, అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత గంగరాజు ఏం చూశాడో ఒక్కొక్కటే అడిగాడు.

"తెల్లగానా? సరిగ్గా చూశావా?"

"తెల్లగానేనండీ. చినుకులు కనపడేంత."

మూర్తి తీగ చివర సెగ పెట్టి చూశాడు. బల్బు పసుపెక్కింది. ఇంకా సెగ పెట్టాడు. పసుపు దాటలేదు. కొత్త బ్యాటరీ తెప్పించాడు. దానితోనూ అంతే. ఆ బల్బును చూపిస్తూ అన్నాడట.

"నా ప్రోగ్రాం ఎంత కష్టపడ్డా ఇంతే. ఆ వెలుగు రావాలంటే... అంత పని నేను రాయలేదు గంగరాజూ."

వెనక తలుపు దగ్గర పడిపోయిన మనిషి ముందు తలుపు ఎట్టా తట్టిందని అడుగుదామనుకున్నాడు గంగరాజు. అడగలేకపోయాడు. జవాబు అతనికి తెలుసు. తోటి ఆడకూతురు తనలాగే పోతుంటే చూడలేక సీతమ్మ తలుపు తట్టింది, దీపం వెలిగించింది, చెయ్యగలిగిందంతా చేసింది. దెయ్యమని వీపు తిప్పింది మనుషులే.

ఇప్పుడు ఆ షెడ్డులో యంత్రం లేదు, దీపమూ లేదు. రాఘవయ్య రెండు తలుపులూ ఊడబీకి తగలబెట్టాడు. కాయలు మాగబెట్టడమూ మానేశారు. కావలి కాయడానికి ఏమీ లేకపోయినా ఆయన మాత్రం రోజూ వచ్చి ఆ చూరు కిందే కూర్చుంటాడు, గదివైపు తిరిగి.

మొన్న వాన పడ్డ రాత్రి గంగరాజు అటే వచ్చాడు. ఎడ్లు మళ్లీ ఆగాయి.

టక్... టక్... చెక్క మీద తట్టిన చప్పుడు. తలుపే లేని గుమ్మంలోంచి.

"ఒకరు తట్టినట్టు లేదండీ" అన్నాడు నాతో. "ఇద్దరు."

చూరు కింద రాఘవయ్య చీకట్లోకి వంగి, బతిమాలుతున్నట్టు గుసగుసగా అంటున్నాడట —

"తీసే ఉందే అచ్చమ్మా... తీసే ఉంది, రండి..."

చప్పుడు మాత్రం ఆగలేదు.