మహారాజు ఎక్కిన జట్కా

“జట్కావాడికి ఉరి పడినా సరే, మహారాజు మాత్రం బోనెక్కకూడదు.”

ఇంత చిన్న వాక్యం చెప్పడానికి చీఫ్ ఢిల్లీ నుంచి వచ్చాడు. గుంతకల్లులో బెంగుళూరు రైలు మొదటి తరగతి పెట్టె ఎక్కి, అనంతపురం చేరేలోగా ఏజెంట్ గురుమూర్తికి విషయమంతా వివరించాడు. అది 1958 మే నెల. కిటికీ బయట భూమ్యాకాశాలు రెండూ ఒకే రంగులో ఉన్నాయి.

హిమాలయాల ఒడిలో మణిశృంగమనే స్వతంత్ర రాజ్యముంది. దాని ఏలిక రత్నధ్వజ మహారాజుకు ఉబ్బసం. గాలిలో తేమ లేశమైనా లేనిచోట మూడు నెలలు ఉండాలని రాజవైద్యులు విధించారు. భరతఖండమంతా గాలించగా ఆ అర్హత నిష్కళంకంగా గల సీమ అనంతపురమేనని తేలింది. మూడేళ్ళుగా సరైన వాన ఎరగని పీఠభూమికి ఆ విధంగా రాజయోగం పట్టింది. మహారాజు పామిడి పొలిమేరలో, పెన్న ఒడ్డున ఒక బంగళాలో విడిది చేశారు.

ఏప్రిల్ పన్నెండున ఉదయం పది గంటలకు, అక్కడికి ఇరవై మైళ్ళ దూరాన అనంతపురంలో ఒక పెట్రోలు గోదాము తగలబడింది. కాపలామనిషి చనిపోయాడు. అక్కడ దొరికిన చర్నాకోల పామిడి జట్కావాడు కుళ్ళాయప్పది. ఆ సమయానికి తాను మహారాజును పెన్నకు తీసుకుపోయానని అతడి మొర.

“అది నిజమే,” అన్నాడు చీఫ్. “నిప్పు పెట్టింది విదేశీ ముఠా. లీడర్ డాక్టర్ క్రోల్. వలసపక్షుల పరిశోధకుడి వేషం. చర్నాకోల దొంగిలించిందీ వాళ్ళే. వాళ్ళ టార్గెట్ గోదాము కాదు. సాక్షి.”

“మహారాజా?”

“మణిశృంగ ధర్మం ప్రకారం రాజు ప్రమాణం చేయించేవాడే గాని చేసేవాడు కాడు. మరొకరి ఎదుట చేశాడో, ఆ క్షణమే సింహాసనం ఖాళీ. ఎక్కడానికి పినతండ్రి కొడుకు సిద్ధం. అతడి దగ్గర విమాన స్థావరం పుచ్చుకోవడానికి క్రోల్ యజమానులు సిద్ధం. పరదేశ ప్రభువుకు మన కోర్టు సమన్లు పంపడానికి వీల్లేదు. కాని ఈ మహానుభావుడు తానే వస్తానంటున్నాడు. రేపు పదకొండు గంటలకు.”

“బంగళాలో మన మనిషెవరు?”

“నాగరత్నమ్మ. పుస్తకాలు చదివి వినిపించే ఉద్యోగం.”

గురుమూర్తి కిటికీ వైపు తిరిగాడు. మూడు మిషన్లలో వాళ్ళిద్దరూ దంపతులుగా నటించారు. నటన ముగిసిందని గూఢచార శాఖ ఇద్దరికీ లిఖితపూర్వకంగా తెలియజేసింది. అందినట్టు నాగరత్నమ్మ సంతకం చేసింది. గురుమూర్తి ఇంకా చేయలేదు.

శాఖ అతడికి భూగర్భజలాన్వేషకుడి వేషం, చేతికి నీటిజాడ చూపే ఒక వేపపంగ ఇచ్చింది. వేషం ఎంత అమోఘమంటే, అతడు ఆలోచిస్తూ ఆగిన చోటల్లా రైతులు గడ్డపారలు తెచ్చి తవ్వసాగారు. సంకేత ప్రశ్న “ఈ ఏడు వానలొస్తాయా?”, జవాబు “రావు”. అది ఢిల్లీలో పకడ్బందీ సంకేతమే. పామిడి బజారులో మాత్రం అతడికి ఒక్క గంటలో పదిహేడుమంది ఏజెంట్లు తగిలారు.

మధ్యాహ్నానికి బంగళా చేరాడు. మూడు వందల పౌండ్ల రాజసం పేముకుర్చీలో ఆసీనమై ఉంది. పక్కన నీలిచీర నాగరత్నమ్మ. చేతిలో పుస్తకం.

“నీళ్ళాయన వచ్చాడా? కూర్చోండి,” అన్నారు మహారాజు, తెలుగులో. ఎవరు నేర్పారని గురుమూర్తి అడగలేదు. వాక్యం చివర గొంతు కాస్త పైకి లేపే ఆ ఒడుపు ఎవరిదో అతడికి బాగా తెలుసు.

తానెవరో విన్నవించి, రేపు రావద్దని ప్రార్థించాడు.

“అతడు చేయలేదని నాకు తెలుసు. తెలిసీ ఊరుకుంటే నేను రాజునా?”

“చెబితే రాజు కారు, ప్రభూ.”

“ఊరుకున్న రాజు కంటే చెప్పిన మాజీ రాజు నయం.”

ప్రత్యర్థి దుర్మార్గుడైతే అసూయకు ఎంతో సుఖం. ఈ మనిషి ఆ సుఖం కూడా మిగల్చలేదు. నాగరత్నమ్మ గ్లాసు అందించింది. మహారాజు అటు చూడకుండానే అందుకున్నారు. చూడకుండా అందుకోవడానికి ఎన్నాళ్ళ అలవాటు కావాలో గురుమూర్తి మనసులో లెక్క వేశాడు. సింహాసనం పోతే మిగిలేది ఒక స్థూలకాయుడైన ఉబ్బసరోగి మాత్రమే. అందుకు తాను రేపు ఏమీ చేయకుండా ఉంటే చాలు. అంత సుళువైన రాజద్రోహం చరిత్రలో మరెవరికీ దక్కి ఉండదు.

మరునాడు పదిన్నరకు కోర్టు వరండా కిటకిటలాడుతోంది. కుళ్ళాయప్ప భార్య తిప్పమ్మ నల్లకోటు వేసుకున్న ప్రతివాడినీ నిలేస్తోంది.

“ఏమప్పా, రాజు బోనెక్కచ్చునా ఎక్కకూడదా అని పొద్దట్నుంచీ కొట్లాడతాండారే! కండ్లతో చూసింది చూసినానని మా ఊరి గొర్లకాపరి చెప్తాడు. ఆపాటి రాజు చెప్పలేడా?”

డిఫెన్సు వకీలు బదరీనారాయణ ఫైలు చంకన పెట్టుకుని హాలులోకి జారుకున్నాడు.  గురుమూర్తి గోడవారగా, కాపలాలో కూర్చున్న కుళ్ళాయప్ప పక్కన చతికిలబడ్డాడు. అడగవలసినవి చాలా ఉన్నాయి. అసూయాపరుడు కనుక, మహారాజు ఆ రోజు సుఖంగా కూర్చున్నాడా లేదా అన్నదే ముందుగా నోటికి వచ్చింది.

“యాడ కూచుంటాడు సామీ, ఎనకనే. దొడ్డ మనిసి. ముందరికి పట్టల్యా.”

గురుమూర్తి అనంతపురం కాలేజీలో చదువుకున్నవాడు. జట్కా ఎక్కిన ప్రతిసారీ ‘ముందుకు జరగండి’ అనిపించుకున్నవాడు. ఒంటిగుర్రం బండిలో వెనక బరువైతే నొగలు లేస్తాయి, నొగలతో గుర్రమూ లేస్తుంది.

“మూడు వందల పౌండ్లు వెనక కూర్చుంటే బండి ఎత్తెయ్యలేదా?”

కుళ్ళాయప్ప తల దించుకున్నాడు.

“ముందు ఇంకెవరో కూర్చున్నారు. ఎవరు?”

“అదొక్కటి అడగద్దు సామీ. గూగూడు కుళ్ళాయిసామి మింద ఒట్టేసినా.”

“రేపు ఉరేస్తారయ్యా!”

“ఏసుకోనీ. ఒట్టు ఒట్టే గదా.”

ఆ మనిషెవరో గురుమూర్తికి ఎవరూ చెప్పనవసరం లేదు. నిన్న రాత్రంతా కలలో ఆ బండి అతడికి కనిపిస్తూనే ఉంది. నీలిచీరతో సహా.

కోర్టు హాలులో క్రోల్ ముందు బెంచీ మీద ఉన్నాడు. చెవిలో చెవిటి మిషను, అందులో కెమెరా. ప్రమాణానికి చేయెత్తిన మహారాజు ఫోటో సాయంత్రానికల్లా మణిశృంగం చేరాలి. నాగరత్నమ్మ తలుపు దగ్గర నిలబడింది.

“బండిలో ముందు కూర్చున్నది నువ్వే,” అన్నాడు గురుమూర్తి.

“ఎవరు చెప్పారు?”

“గుర్రం. అది గాల్లోకి లేవలేదు.”

ఆమె నవ్వబోయి మానుకుంది. “ఒక్కణ్ణే ఎక్కించి పంపమని క్రోల్ ఆర్డరు. మహారాజు ఎక్కగానే గుర్రం ముంగాళ్ళు లేచాయి. ముందర ఇంకొకరు కూచోకుంటే బండి కదలదమ్మా అన్నాడు కుళ్ళాయప్ప. క్రోల్‌కు పక్షుల సంగతి తెలుసు. జట్కా సంగతి తెలియదు. నేనెక్కినట్టు అతడికి తెలియకూడదనే కుళ్ళాయప్పతో ఒట్టు వేయించాను.”

“అంటే నువ్వు రెండు వైపులా…”

“అవును. ఆ కాపలామనిషి చనిపోతాడని మాత్రం నాకు చెప్పలేదు.”

“నీ పేరు చెప్పనని ఒట్టేసినందుకు ఇంకో మనిషి చావబోతున్నాడు. నువ్వు బోనెక్కితే మహారాజు ఎక్కనక్కర్లేదు.”

“మొత్తం చెప్పాలి, మూర్తీ. అన్నీ అడుగుతారు. నువ్వు వినగలవా?”

సరిగ్గా అప్పుడే బంట్రోతు పుల్లన్న గొంతు సవరించుకున్నాడు. సాక్షిని మూడుసార్లు పిలవడం కోర్టు ఆచారం. అయితే ఈ సాక్షి పేరు, మణిశృంగ రాయబారి రాసి ఇచ్చిన ప్రకారం, ఒకటిన్నర పుట ఉంది.

“శ్రీమన్మహామండలేశ్వర, హిమగిరిశిఖరసింహ, సప్తనదీవల్లభ…”

మొదటి పిలుపు ముగిసేసరికి కారు ఆగింది. రెండవ పిలుపు ‘శత్రుహృదయశూల’ దగ్గర ఉండగా మహారాజు గుమ్మం దాటారు. నాగరత్నమ్మ గురుమూర్తి కళ్ళలోకి చూస్తూనే ఉంది. మూడవ పిలుపులో పుల్లన్న ‘సప్తనదీవల్లభ’ దగ్గర దగ్గుతెర వచ్చి ఆగాడు. నీళ్ళు తాగాడు.

“వింటాను,” అన్నాడు గురుమూర్తి.

మహారాజు కుడిపాదం బోను మెట్టు మీద పడింది. క్రోల్ చెవి వైపు చేయి పోనిచ్చాడు.

“ఈ సాక్షిని విరమించుకుంటున్నాం, యువరానర్!” బదరీనారాయణ, గురుమూర్తి అప్పుడే వచ్చి చెవిన వేసిన పేరును తడబడుతూ ప్రకటించాడు. “బదులుగా నాగరత్నమ్మను విచారించడానికి అనుమతి కోరుతున్నాం.”

పాదం వెనక్కి వచ్చింది. క్రోల్ లేవబోయాడు. గురుమూర్తి సవినయంగా అతడి చెవిటి మిషను ఊడబెరికాడు. మఫ్టీ పోలీసులు మిగతా మనిషిని పట్టుకున్నారు.

నాగరత్నమ్మ ప్రమాణం చేసి అంతా చెప్పింది. చర్నాకోల ఎవరు ఎప్పుడు కాజేశారో చెప్పింది. పబ్లిక్ ప్రాసిక్యూటరు మాత్రం అంత తేలికగా వదలలేదు.

“బండిలో మీకూ మహారాజుకూ దూరమెంత?”

“జట్కాలో దూరం ఉండదండీ.”

“పెన్నలో ఏం చేశారు?”

“నీళ్ళు లేవు. ఇసుకలో చెలమ తీశాం. ఊరేదాకా కూర్చున్నాం.”

“ఎంతసేపు?”

“గంటన్నర. పదకొండైంది. వాచీ చూశాను.”

ఆ గంటన్నర కుళ్ళాయప్ప ప్రాణం నిలిపింది. గురుమూర్తి ప్రాణాన్ని అంతే శ్రద్ధగా తోడేసింది.

“నీళ్ళు దేనితో తాగారు?”

“దోసిలితో.”

“ఎవరి దోసిలితో?”

 గురుమూర్తి ముందుకు వంగాడు.

“అసంగతం,” అన్నారు జడ్జిగారు. “ప్రశ్న కొట్టివేయడమైనది.”

నాలుగు గంటలకు కుళ్ళాయప్ప విడుదలయ్యాడు. తిప్పమ్మ అందరి ముందూ అతణ్ణి తిట్టింది. “ఒట్టంట ఒట్టు! ఆయమ్మ నోరిప్పకుంటే ఏమయ్యేది?” అంటూనే చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఆ సాక్ష్యం నకలు ఒకటి పంపమని శాఖ కోరింది. గురుమూర్తి రెండు తీయించాడు. రెండింటిలోనూ ఆ ఒక్క జవాబు లేదు. అది తెలిసినవారు లోకంలో ఇద్దరే. నాగరత్నమ్మను శాఖ పేరు మార్చి ఎక్కడికో పంపింది. ఆ చోటు గురుమూర్తికి చెప్పకూడదని రూలు. ఇక రెండవవారు మహారాజు. ఆయనను భూమ్మీద ఏ కోర్టూ ఏ ప్రశ్నా అడగకుండా కాపాడినందుకు గురుమూర్తికి ప్రమోషను వచ్చింది.