సొరకాయ తొక్కలు ఏమైనట్టు?

సుశీల్ కుమార్ బకెట్‌లోకి షారన్ తొంగి చూడటం ఇది నాలుగో ఆదివారం. ఈసారీ గుడ్డు పెంకులు, టీ పొడే. సొరకాయ తొక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

వాకాడు దాటాక సముద్రం వైపు పోయే దారిలో ఉంది వాళ్ల చర్చి. ఆరాధన అయ్యాక వరండాలో ఒక బల్ల వేస్తారు. పెరట్లో ఎక్కువగా కాసినవి తెచ్చేవాళ్లు తెస్తారు, కావలసినవాళ్లు ఊరికే పట్టుకుపోతారు. షరతు ఒక్కటే: పై వారం వంటింటి చెత్త తెచ్చి ఎరువు గుంతలో వేయాలి. ఆ గుంతకు షారనే పోలీసు.

"వారానికి రెండు సొరకాయలు పట్టుకపోతుండావు. తొక్కలు యాడ?"

"లేవు."

"లేకుండా ఎట్టా పోతాయి? హోటలుకు అమ్ముకుంటుండావా?"

వెనకాల క్వయరు పిల్లలు కిసుక్కుమన్నారు. ప్రతిదానికీ ఎదురు జవాబు చెప్పే సుశీల్, బకెట్ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడని షారన్ అప్పుడు గమనించింది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు అతను రాలేదు. బల్ల మీది సొరకాయలు చూపించి "వీటిలో మీ పాదుది ఏది?" అని ప్రతి వారం అడిగేవాడు లేక షారన్‌కు బోరు కొట్టింది. బోరే అని తనకు తాను చెప్పుకుంది. మనం నమ్మాలి మరి.

చివరికి సొరకాయొకటి స్కూటీలో పెట్టుకుని అతని ఇంటికే వెళ్లింది. వాళ్లమ్మ ఆనందకుమారికి గొడవ సంగతి తెలియదు. కూర్చోబెట్టి వేడన్నం, ఆకుపచ్చని పచ్చడి వడ్డించింది. షారన్ మొహమాటం మర్చిపోయింది.

"ఏం పచ్చడాంటీ ఇది?"

"సొరకాయ తొక్కలదమ్మా. మీ పాదువే. అంత లేత తొక్కలు ఎవురైనా పారేస్తారా?"

షారన్ పళ్లెంలోని పచ్చడి వైపు మళ్లీ చూసింది. తమ ఇంట్లో ఆ తొక్కల్ని వారం వారం పారేస్తోంది తనే.

అప్పుడే రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేసి సుశీల్ వచ్చాడు.

"ఇంటికి కూడా చెకింగా?"

"సారీ చెప్దామని వచ్చినా. ఆ రోజే చెప్పుండొచ్చు గదా?"

"అప్పటికే నవ్వుతుండారు. తొక్కలు తింటామని కూడా చెప్పమంటావా?" చేతులు కడుక్కుంటూ అన్నాడు. "అన్నది అందరి ముందర. సారీ ఈడ చెప్తే నేను చర్చికి రాను."

మరుసటి ఆదివారం సుశీల్ వచ్చేదాకా ఆగి, షారన్ బల్ల పక్కన నిలబడింది.

"సుశీల్ కాయలు అమ్ముకోలేదు. వాళ్లు తొక్కలు కూడా పచ్చడి చేసుకుంటారు. పారేసేది మనం. తప్పుగా అన్నా. సారీ."

క్వయరులోంచి ఫేబీ అడిగింది. "పచ్చడి సంగతి నీకెట్టా తెలుసక్కా?"

"తిన్నా."

"యాడ?"

"వాళ్లింట్లో."

షారన్ తండ్రి తిమోతి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే నాన్నా. అన్నం మాత్రం మూడుసార్లు పెట్టించుకున్నా."

సుశీల్ నవ్వు ఆపుకోలేక నేల చూపులు చూస్తున్నాడు. తిమోతి అతణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏమబ్బాయ్, మీ అమ్మను తీసుకోని మధ్యాన్నం మా ఇంటికి అన్నానికి రా. మాట్లాడుకోవాల్సింది ఉండాది."

"వస్తాం మామా."

నిన్నటిదాకా అంకుల్ అనేవాడు. తిమోతి సరిదిద్దలేదు. షారన్ కూడా.