మూడో బేస్ దగ్గర వెలుతురు

సోమవారం రాత్రి పదకొండూ నలభైకి ఆంజనేయప్రసాద్ తన చిన్న సూట్‌కేసును మంచం మీద బోర్లించి ఖాళీ చేశాడు. అన్నయ్య తద్దినానికని తన ఊరు రిచ్‌మండ్ హిల్ నుంచి తెచ్చుకున్న పట్టుపంచె, జంధ్యాల కట్ట, బీపీ మాత్రలు దుప్పటి మీద పడ్డాయి. ఖాళీ అయిన పెట్టెలో అతని వదిన కాంతం తోటపనికి వాడే పొట్టి పారను పాత తువ్వాల్లో చుట్టి పెట్టింది.

"పెట్టె ఎందుకు వదినా? సంచి చాలదా?"

"ఈ వేళప్పుడు పార పట్టుకుని తిరిగితే ఎవరైనా ఆపుతారు. పెట్టె లాక్కుంటూ పోతే ఎయిర్‌పోర్టుకనుకుంటారు."

వాళ్ళు వెళ్ళేది ఎయిర్‌పోర్టుకు కాదు. కార్వర్ ఫీల్డ్‌కు.

హాలిఫాక్స్ రేవుకు అవతలి ఒడ్డున ఉన్న ఆ పాత బేస్‌బాల్ స్టేడియం గురించి పగలు మాట్లాడేవాళ్ళు వేరు, రాత్రి మాట్లాడేవాళ్ళు వేరు. పగటివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడతారు. రాత్రివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. నాలుగేళ్ళ కిందట టీమ్ ఊరు విడిచిపోయింది. గేట్లకు గొలుసులు పడ్డాయి. ఆ తర్వాత, సముద్రం మీదినుంచి పొగమంచు దిగిన రాత్రుల్లో ఆటగాళ్ళు పరుగు తీసే మజిలీల్లో మూడోదైన మూడో బేస్ దగ్గర నేలబారుగా ఓ వెలుతురు కనిపిస్తుందని, దాని పక్కన ఎవరో మోకాళ్ళ మీద వంగి ఉంటారని చెప్పుకోవడం మొదలైంది. చివరి బస్సు డ్రైవరు ఆ స్టాపు దగ్గర వేగం పెంచుతాడట.

కాంతం ఇంట్లో పైగదిలో అద్దెకుంటున్న రిషిత, కాలేజీ అయ్యాక కాఫీ షాపులో పని చేసి ఆ బస్సులోనే వస్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ పిల్లే ప్రసాద్‌కు ఈ సంగతి చెప్పింది.

"కళ్ళారా చూసిన అంకుల్. నవంబర్ల. తెల్లగ ఉంది... వంగి... మట్టి తింటున్నట్టే ఉంది."

ప్రసాద్ చేతిలో ముద్ద ఆగిపోయింది. కాంతం రిషిత కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, "తిను, చల్లారిపోతుంది" అంది.

రిషిత పైకి వెళ్ళి తలుపేసుకున్నాక కాంతం అసలు విషయం బయటపెట్టింది.

మూడేళ్ళ కిందట కాంతం భర్త కోదండరామ్ పోయినప్పుడు అస్థికలు రాజమండ్రి తీసుకెళ్ళి గోదావరిలో కలిపింది తమ్ముడు ప్రసాదే. అన్నీ కలిపాననే అనుకున్నాడు. అన్నీ కాదు. తనను కొంచెం ఆ మైదానంలో ఉంచమని ఆసుపత్రిలో భర్త అడిగాడని కాంతం గుప్పెడు అస్థికలు తీసి దాచింది. వాటిని కాఫీ డబ్బాలో పోసి, ఓ పొగమంచు రాత్రి కార్వర్ ఫీల్డ్‌కు వెళ్ళి మూడో బేస్ వెనక పాతిపెట్టింది. ఇప్పుడు స్టేడియం కూల్చేస్తున్నారు. మే నెల అన్నవాళ్ళు మనసు మార్చుకున్నారు. పొక్లెయిన్లు తెల్లవారి ఆరింటికే వస్తున్నాయి.

ప్రసాద్ కంచం పక్కకు నెట్టాడు.

"అయితే గోదావరిలో నేను కలిపింది ఎవర్ని?"

"చాలావరకు మీ అన్నయ్యనే."

"హాస్యమా వదినా ఇది?"

"కాదు. మోకాళ్ళు సహకరిస్తే నిన్ను అడిగేదాన్నే కాదు. కూల్చేవాళ్ళకు ఫోన్ చేశాను. లోపలికి ఎవర్నైనా రానిస్తే ఇన్సూరెన్స్ ఒప్పుకోదట. పాతిపెట్టానని చెబితే ముందు పోలీసులు వస్తారు, ఆ సందట్లో మిషన్ దాని పని అది చేసుకుపోతుంది. మట్టంతా లారీలకెత్తి ఎక్కడ పోస్తారో వాళ్ళకే తెలీదు. ఆయన్ని అక్కడ చెత్తలో వదిలేసి ఎల్లుండి నీ చేత పిండం పెట్టించనా?"

ప్రసాద్ లేచి మంకీ క్యాప్ వెతుక్కున్నాడు.

కారు వంతెన ఎక్కేసరికి పొగమంచు అద్దాలను కమ్మేసింది. మధ్యలో అతనికి ఒక్కసారిగా నవ్వొచ్చింది.

"అయితే రిషిత చూసిన దెయ్యం మీరేనన్నమాట! ఆ తెల్లకోటు వేసుకుని వెళ్ళుంటారు."

కాంతం నవ్వలేదు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"రిషిత ఈ దేశం వచ్చి ఏడాదిన్నర. నేను వెళ్ళింది మూడేళ్ళ కిందట. ఒక్కసారే."

ప్రసాద్ మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కున్నాడు.

ఆటగాళ్ళు వచ్చే వెనక గేటుకు గొలుసు వదులుగా ఉంది. ఇద్దరూ పక్కకు తిరిగి దూరారు. పెట్టె చక్రాలు సిమెంటు మీద గరగరలాడితే ప్రసాద్ దాన్ని చంకనెత్తుకున్నాడు. సందు దాటగానే ఎదురుగా మైదానం... మైదానం ఉండాల్సిన చోట తెల్లటి పొగ. కాంతం చేతిలో టార్చి వెలుగు నాలుగడుగులు పోయి ఆగిపోతోంది.

ముందురోజు ఆదివారం మధ్యాహ్నం ఇక్కడే మూడు వేల మంది ఉన్నారు. వీడ్కోలు సభ. కుర్చీల్లో ఎవరి పాత చోట్లో వాళ్ళు కూర్చుని, మైకు తీసుకుని జ్ఞాపకాలు చెప్పుకున్నారు. బంతి వెంట పొగమంచులోకి పరుగెత్తిన ఫీల్డరు దారి తప్పి, చివరికి టికెట్ల గేటులోంచి తిరిగొచ్చాడని ఒకావిడ చెప్పింది. తన మొదటి పన్ను ఇక్కడి పాప్‌కార్న్‌లోనే ఊడిందని ఓ నడివయసు మనిషి చెప్పాడు. తర్వాత చేతికర్రతో ఓ ముసలాయన లేచాడు.

"మా మూడో బేస్ సెక్షన్‌కు ఓ పిచ్చి అలవాటుండేది. బంతి బ్యాట్ అంచుకు తగిలి వెనక్కి పోతే అందరం లేచి చప్పట్లు కొట్టేవాళ్ళం. అది ఫౌల్. చప్పట్లు కొట్టాల్సిన విషయం కాదు. మా పక్క సీట్లో ఒక ఇండియన్ ప్రొఫెసర్ ఉండేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక్కడే లేచి కొట్టాడు. వాళ్ళ క్రికెట్‌లో అలా వెళ్తే నాలుగు పరుగులట. మేం పడీపడీ నవ్వాం. రెండోసారి అతనితో పాటు మేమూ లేచాం. అంతే... ముప్పై ఏళ్ళు అలా లేస్తూనే ఉన్నాం."

ఆ ప్రొఫెసరు తన భర్తేనని ఎవరితోనూ అనకుండా కాంతం, ప్రసాద్ పక్కన తన చేతితొడుగుల వంకే చూస్తూ కూర్చుంది. కాసేపటికి మంచువాన మొదలైంది. పడినచోటే గాజులా గడ్డకట్టే వాన. జనం హడావుడిగా లేచి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ కుర్చీల వైపు చీకటి.

ఠప్.

ప్రసాద్ ఆగాడు.

ఆ చప్పుడు అతనికి నిన్ననే తెలిసింది. స్ప్రింగు సీట్లు అవి. మనిషి లేవగానే సీటు పైకి లేచి వీపుకు కొట్టుకుంటుంది. మనిషి లేస్తేనే...

ఠప్. ఈసారి ఇంకాస్త దగ్గర్లో. ఆ వెంటనే ఎడమవైపు రెండు. ఎక్కడో పైవరసలో ఒకటి. తర్వాత వరసంతా... ఠప్ ఠప్ ఠప్... సముద్రం వైపు నుంచి మొదలై, సెక్షన్ తర్వాత సెక్షన్, వాళ్ళ వైపే వస్తోంది.

"వదినా... లేస్తున్నారు."

"ఎవరు?"

"అందరూ..."

కాంతం టార్చి అటు తిప్పింది. పొగలో ముందువరస మాత్రం కనిపించింది. ఖాళీ సీట్లు. చూస్తుండగానే ఒకటి పైకి లేచింది.

ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ పాఠం చెప్పిన మనిషి. కాసేపు నిలబడి విన్నది.

"నిన్న వానలో తడిసి సీట్లు కిందికి ఉన్నవి ఉన్నట్టే గడ్డకట్టాయి. ఇప్పుడు సముద్రం గాలి వెచ్చగా ఉంది. మంచు కరుగుతోంది, స్ప్రింగులు వదులుతున్నాయి."

"అంతేనంటారా?"

"అంతే అనుకో. నడువు."

చప్పుడు వాళ్ళను దాటి పోయింది. కాని ఒక సంగతి ప్రసాద్ గమనించాడు, పైకి అనలేదు. మూడో బేస్ వెనక సెక్షన్లో మాత్రం ఒక్క సీటూ లేవలేదు. అటు వైపంతా... కూర్చునే ఉంది.

బురదలో బూట్లు దిగబడుతున్నాయి. టార్చి వెలుగు నేల మీద పాకుతూ వెళ్ళి ఒకచోట ఆగింది. మట్టిలోంచి గుండ్రంగా ఏదో పైకి పొడుచుకొచ్చి ఉంది. తడిగా మెరుస్తోంది. పసిపిల్ల తలంత ఉంది.

దాని పక్కన ఇంకోటి.

ఆ వెనక... ఇంకో రెండు.

ప్రసాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. వదిన భుజం పట్టుకున్నాడు. ఆవిడ ఒంగి, నొప్పికి పళ్ళు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుంది. చేత్తో బురద తుడిచింది.

మూత. కాఫీ డబ్బా మూత. దాని మీద అంటించిన టేపు మీద ఎవరిదో పేరు, రెండు సంవత్సరాలు. పుట్టినది, పోయినది.

రెండోది బిస్కెట్ల డబ్బా. మూడోది ఇత్తడిది. టార్చి తిప్పితే మొత్తం ఆరు తేలాయి.

"ప్రసాదూ," అంది కాంతం మెల్లగా. "నేనొక్కదాన్నే అనుకున్నాను."

రిషిత చూసిందీ, బస్సు డ్రైవరు చూసిందీ వీళ్ళనే. దొంగతనంగా వచ్చి, తమవాళ్ళను తమకిష్టమైన చోట పాతుకుని పోయినవాళ్ళను.

"మరి పైకెలా వచ్చాయి? తవ్విందెవరు?"

"ఎవరూ తవ్వలేదు. ఇక్కడి నేల చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది. లోపల ఏదున్నా ఏటా కొంచెం పైకి తోస్తుంది. రైతులు ప్రతి వసంతంలో పొలాల్లో రాళ్ళేరుకునేది అందుకే. టీమ్ ఉన్నప్పుడు మైదానాన్ని చదును చేసేవాళ్ళు. ఇప్పుడెవరున్నారు? నిన్నటిదాకా వీటిని మంచు కప్పేసి ఉంటుంది. నాకు తెలిసుండాల్సింది. మూరెడు లోతు చాలనుకున్నాను."

ఆరు డబ్బాల మూతలూ చూసింది. ఆవిడ డబ్బాకు పసుపు దారం కట్టింది. ఆ ఆరింటిలో దేనికీ దారం లేదు.

"లేదు," అంది. "మీ అన్నయ్య లేరు."

ప్రసాద్ పార తీశాడు. ఆవిడ చూపిన చోట తవ్వాడు. పైన బురద, కింద ఇంకా రాయిలా గడ్డకట్టిన మట్టి. పార ఖణేల్‌మంది. పక్కకు జరిగి తవ్వాడు. ఏమీ లేదు. ఇంకోచోట... ఏమీ లేదు. మంకీ క్యాప్ లోపల చెమట కారుతోంది. ఎక్కడో రేవులో ఓడ కూత పెట్టింది. పార పక్కన పడేసి, మోకాళ్ళ మీదికి దిగి చేతులతో కెలికాడు.

గోళ్ళకు దారం తగిలింది.

"అన్నయ్యా," అన్నాడు. తనకు తెలియకుండానే అన్నాడు.

రెండు చేతులా పట్టి లాగాడు. నేల వదల్లేదు. మళ్ళీ లాగాడు. చప్పరించినట్టు ఓ చప్పుడు చేసి డబ్బా పైకొచ్చింది.

అదే క్షణంలో వెనక సెక్షన్ లేచింది.

ఒకటీ అరా కాదు. మొత్తం. ఒక్క దెబ్బకు. పిడుగు పడ్డట్టు... ఆ తర్వాత నిశ్శబ్దం.

కాంతం డబ్బాను కోటు లోపల పెట్టుకుంది. మంచు సంగతి ఈసారి ఎత్తలేదు. ప్రసాద్ చెయ్యి అందుకుని లేచి నిలబడింది. "పద" అంది.

అతను కదల్లేదు. ఆరు డబ్బాల వైపు చూస్తున్నాడు. ఎల్లుండి తద్దినం. మడి కట్టుకోవాల్సిన మనిషి. ముక్కూ మొహం తెలీనివాళ్ళ బూడిద... ముట్టుకుంటే ఎంత మైల, ఎన్ని స్నానాలు.

"నిన్ను అడగను ప్రసాదూ," అంది కాంతం. "వచ్చిన పని అయింది."

"ఆరింటికే వస్తారన్నారు కదూ మిషన్లు?"

"ఆరింటికే."

అతను సూట్‌కేసు జిప్పు తెరిచాడు.

"పెట్టె ఖాళీగానే ఉంది," అన్నాడు విసుగ్గా. ఒక్కొక్క డబ్బానూ ఎత్తి, తువ్వాలుతో తుడిచి, పక్కపక్కన పేర్చాడు. కాంతం కోటులోంచి తీసి ఇచ్చింది ఏడోది. దాన్ని మధ్యలో పెట్టాడు. పార ఆవిడ పట్టుకుంది. తిరిగి వెళ్తున్నప్పుడు చక్రాలు ఎంత గరగరలాడినా అతను పట్టించుకోలేదు. గేటు దాకా ఒకే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.

మంగళవారం ఆరింటికి పొక్లెయిన్లు వచ్చాయి. మధ్యాహ్నానికి మూడో బేస్ ఉన్నచోట గొయ్యి ఉంది.

బుధవారం తద్దినం అయింది. సాయంత్రం ప్రసాద్ అన్నయ్య గోత్రం, పేరు చెప్పి మిగిలిన గుప్పెడూ సముద్రంలో కలిపాడు. కాంతం అభిమానుల సంఘానికి ఫోన్ చేసి డబ్బాల మీది పేర్లు చదివి వినిపించింది. గురువారం నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఒకావిడ తండ్రి డబ్బాను కారు ముందుసీట్లో పెట్టి సీటుబెల్టు కట్టి తీసుకెళ్ళింది. ప్రసాద్ వాకిట్లో నిలబడి కారు మలుపు తిరిగేదాకా చూశాడు.

శుక్రవారం పొద్దున ఫోన్ మోగింది. పోలీసులు. కాంతం స్పీకర్ నొక్కి టేబుల్ మీద పెట్టింది. ప్రసాద్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. కూల్చివేత కంపెనీ వాళ్ళు రాగితీగల దొంగల కోసం వెనక గేటుకు కెమెరా పెట్టారట. కారు నంబరు అందులో పడిందట. కాంతం దాచకుండా అంతా చెప్పింది. అతను విన్నాడు. తన తాతకూ ఆ మైదానమంటే ప్రాణమని, కేసేమీ ఉండదని అన్నాడు.

"ఒక్కటే మేడమ్. రికార్డు కోసం మీతో ఉన్న మిగతావాళ్ళ పేర్లు కావాలి."

"మిగతావాళ్ళెవరు? నేనూ, మా మరిదీ. అంతే."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. తర్వాత కొంచెం తడబాటు.

"లోపలికి వెళ్ళింది మీరిద్దరే మేడమ్. నేనే మూడుసార్లు చూశాను. బయటికి వచ్చింది తొమ్మిది మంది."