ఏడు వందలవ బ్యాలెట్

రోలిన్ శాటరెన్ ఇరవై ఏళ్లుగా ముక్కూమొహం తెలియని వాళ్లకు ఫోన్ చేసి ప్రశ్నలు అడిగి బతికాడు. మంగళవారం ఉదయం ఆరుంపావుకి ఎవడో అతని మోటెల్ గది తలుపు తట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"శాటరెన్ గారేనా?"

"అవును."

సైలెన్సర్ తొడిగిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. రోలిన్ గడప మీద కూలబడ్డాడు. నోట్లో పళ్ల బ్రష్ అలాగే ఉంది. వచ్చినవాడు అతన్ని కాళ్లు పట్టుకుని లోపలికి లాగాడు, లాప్‌టాప్ చంకన పెట్టుకున్నాడు, పోతూ పోతూ లైటు ఆర్పేశాడు.

నవంబరు నెల. దేశం అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజు. విస్కాన్సిన్ పొలాల మీద మంచు పొర ఇంకా కరగలేదు.

ఏడున్నరకు గార్త్ నెల్విక్ ఫోన్ మోగింది. అతను ట్రక్కులో కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ తింటున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. అవసరమైతే తప్ప నోరు విప్పడు. అతని సర్వీసు రికార్డులో ఉన్న పదకొండు శవాల గురించి కూడా పదకొండు వాక్యాలే రాశాడు.

"గాలి ఎటు నుంచి?" అంది అవతలి గొంతు.

"ఉత్తరం. తగ్గేలా లేదు."

కోడ్ సరిపోయింది. గూఢచారి ఆఫీసు చీఫ్ హాలోరన్ నేరుగా విషయానికొచ్చాడు. "శాటరెన్‌ని లేపేశారు. లాంతరు పని."

లాంతరు అనేది ఒక విదేశీ ముఠాకు ఆఫీసు పెట్టుకున్న పేరు. రెండేళ్లుగా ఒక ప్రచార కమిటీ చాటున డబ్బు పోసి టీవీ ప్రకటనలు కొన్నది ఆ ముఠాయే. అంత డబ్బు పోసినా జనం తమ మనసు మార్చుకోలేదు.

"అందుకని ఇప్పుడు జనాన్నే లేపేద్దామనుకుంటున్నారు," అన్నాడు హాలోరన్. "ఒక్క ఊరు, ఒక్క పోలింగ్ కేంద్రం, ఒక్క బాంబు. టీవీలో ఆ పొగ చూస్తే మిగతా రాష్ట్రంలో క్యూలో ఉన్నవాళ్లు సగం మంది ఇళ్లకు పోతారు. ఈ రాష్ట్రం ఎటు పోతే దేశం అటు."

"ఏ ఊరు?"

"తెలిసింది ఒక్కదానికే. పన్నెండున్నరకు మార్వల్‌లో, చేపల ఎరల దుకాణం పక్కన కాఫీ హోటల్లో ఉంటుంది. డెల్ఫీన్ కోస్ట్కా."

"మన మనిషేనా?"

"వారంలో మూడు రోజులు," అని ఫోన్ పెట్టేశాడు.

*

ఆ హోటల్లో అందరూ రబ్బరు బూట్లలో ఉంటే డెల్ఫీన్ ఒక్కతే ఎత్తు మడమల జోళ్లలో ఉంది. మెడ చుట్టూ నక్కతోలు. ఎన్నికల చందాలు వసూలు చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. లాంతరు డబ్బును కమిటీ డబ్బుగా మార్చేదీ ఆమే, ఆ సంగతి హాలోరన్‌కు చేరవేసేదీ ఆమే.

గార్త్ ఎదురుగా కూర్చున్నాడు. "ఆ మెడకి ఒక కుటుంబం చచ్చినట్టుంది."

"ఆ చొక్కా మీద ఒక కుటుంబం భోంచేసినట్టుంది," అంది డెల్ఫీన్. తర్వాత గొంతు తగ్గించింది. "ఎల్క్ ప్రెయిరీ టౌన్ హాల్."

గార్త్ చేతిలో కప్పు గాలిలోనే ఆగిపోయింది. "అక్కడ పోలింగ్ నడిపేది మా అక్క."

"తెలుసు. అందుకే నిన్నే రమ్మన్నా. బ్యాలెట్ మెషిన్ కింద కాగితాలు పడే పెట్టె ఉంటుంది కదా, దానికి దొంగ అడుగు బిగించి కింద బాంబు పెట్టారు. అందులో ఒక ఎలక్ట్రానిక్ కన్ను పడే ప్రతి బ్యాలెట్‌నీ లెక్కపెడుతుంది. ఏడు వందలోది పడగానే హాలు లేచిపోతుంది."

"గడియారం పెడితే పోయేదిగా."

"గడియారానికి జనం వచ్చిందీ రానిదీ ఏం తెలుస్తుంది? వాళ్లకి హాలు నిండుగా కావాలి. ఆ ఊళ్లో ఎవరు ఏ గంటకి ఓటుకి వెళ్తారో రోలిన్ చేత సర్వే చేయించారు. కాగితం మిల్లు వదిలేది నాలుగున్నరకి. అయిదింటికల్లా క్యూ రోడ్డు మీదికొస్తుంది. ఏడు వందలు నిండేదీ అప్పుడే. ఈ సర్వే దేనికని రోలిన్ నిన్న నాకు ఫోన్ చేశాడు. ఆ ఫోను వాళ్లు విన్నారు."

"పోలీసుల్ని పంపితే?"

"పరిశీలకుడి బ్యాడ్జీ తగిలించుకుని కార్మోడీ అనేవాడు హాల్లో కూర్చున్నాడు. పోలీసు టోపీ కనపడితే జేబులో బటన్ నొక్కుతాడు. కంగారు పడకు, అయిదింటి దాకా టైముంది."

గార్త్ ఆమెకేసి చూశాడు. "పోస్టల్ ఓట్లు?"

"రెండొందల చిల్లర. ముందే పంపేశామన్న వాళ్లని రోలిన్ లెక్కలోంచి కొట్టేశాడు. వాళ్లు హాలుకి రారుగా."

"వాళ్లు రారు. వాళ్ల ఓట్లో?"

"కౌంటీ ఆఫీసులో లెక్కపెడతారు. ఎక్కడైనా అంతేగా."

"ఎక్కడైనా ఏమో. మా వైపు ఊరి ఓటు ఊళ్లోనే పడాలి. ఆ కవర్లు హాల్లోనే విప్పుతారు. అదే మెషిన్లో వేస్తారు." గార్త్ లేచాడు. "మధ్యాహ్నం జనం పల్చబడగానే అక్క మొదలెడుతుంది. ఈపాటికి మొదలెట్టే ఉంటుంది."

డెల్ఫీన్ పెదాల రంగు తప్ప మొహంలో మిగతా రంగంతా పోయింది.

అప్పుడే గార్త్ కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డు అవతల ఒకడు నిప్పురంగు నారింజ జాకెట్ వేసుకుని పొడుగు తుపాకీతో నిలబడ్డాడు. దుప్పుల వేటకు పోయేవాడి వేషం. అంతా కొత్తది, మడతలు కూడా పోలేదు. హోటల్లో ఎవరూ పట్టించుకోలేదు. కానీ తుపాకీతో వేట మొదలయ్యేది ఇంకో రెండున్నర వారాలకు. అందాకా అడవిలో ఉండేది బాణాలవాళ్లే. వాళ్లు ఆకురంగు బట్టలు వేసుకుంటారు.

గార్త్ బల్లను డెల్ఫీన్ మీదికి తన్నాడు. కిటికీ పగిలింది. డెల్ఫీన్ గుండెకు గురిపెట్టిన గుండు ఆమె ఎడమ భుజంలోకి దిగింది. రెండో గుండు వెనకాల కాఫీ పోస్తున్న ముసలాయన చెవి తెంపుకుపోయింది. జనం అరుస్తూ నేలమీద పడ్డారు.

గార్త్ వంటగది గుండా ఎరల దుకాణంలోకి దూరాడు. నారింజ జాకెట్టువాడు ముందు తలుపులోంచి వచ్చాడు. గార్త్ పిస్టల్ పైకెత్తేలోపు వాడు తుపాకీ మడమతో మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ ఎగిరిపోయింది. ఇద్దరూ కలబడి చిన్న చేపల తొట్టి మీద పడ్డారు. గాజు పగిలి నీళ్లు, చేపలు నేలంతా పరుచుకున్నాయి. వాడు కుర్రాడు, బలమైనవాడు. గార్త్ గొంతు మీద మోకాలు వేసి నొక్కాడు. గార్త్ చెయ్యి పక్కకు చాచి తడిమింది. చలికాలంలో సరస్సు మీద గడ్డ పగలగొట్టే ఇనుప గునపం దొరికింది. కింది నుంచి పైకి, పక్కటెముకల కిందుగా పొడిచాడు. మోకాలు బరువు తగ్గింది. వాడు చేపల మధ్య పక్కకు ఒరిగాడు.

"ఆ గునపానికి డబ్బు కట్టాలి," అన్నాడు గల్లా వెనక దాక్కున్న దుకాణదారు.

"ఆఫీసుకి బిల్లు పంపు," అన్నాడు గార్త్.

*

ఇరవై రెండు మైళ్లు. గార్త్ ట్రక్కు పొలాల మధ్య తొంభై దాటి పరిగెత్తింది. డెల్ఫీన్ నక్కతోలును భుజానికి అదిమి పట్టుకుంది. అది అప్పుడే ఎర్రబారింది.

హాలుకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. లైను ఎవడో కోసేశాడు. అక్కకు చేస్తే లాభం లేదు. పోలింగ్ రోజున సిబ్బంది ఫోన్లన్నీ బిస్కట్ల డబ్బాలో వేసి మూతపెట్టడం ఆమె పెట్టిన రూలు.

ఒంటిగంటా ఇరవై. హాలు ముందు పదిహేను కార్లున్నాయి. మెట్లు దిగుతున్న ఒక రైతు గార్త్‌ని గుర్తుపట్టాడు.

"ఏమోయ్ గార్త్! మీ అక్క ఇవాళ గాల్లో తేలుతోంది. పక్కూళ్లో ఇంకా నాలుగొందలు కూడా దాటలేదట."

"మనూళ్లో?"

"నేను వేసేసరికి ఆరొందల ఎనభై ఆరు. కవర్లవి కూడా కలిపేస్తున్నారుగా."

గార్త్ డెల్ఫీన్‌కేసి చూశాడు. "నేను ముందు పోతే బటన్ నొక్కుతాడు. నిన్ను వాడు ఎరుగునా?"

"జీతం కవరు ఇచ్చేది నేనే." ఆమె కోటు భుజాల మీదికి లాక్కుని, నెత్తురు కనపడకుండా సర్దుకుని మెట్లెక్కింది.

లోపల నలభై మంది ఉన్నారు. ఒక మూల చర్చి ఆడవాళ్లు గుమ్మడి కేకులు, కాఫీ అమ్ముతున్నారు. ఒక తల్లి చంటిబిడ్డను నడుం మీద ఆడిస్తూ పేరు చెబుతోంది. మెషిన్ దగ్గర గార్త్ అక్క లోర్నా, గొలుసు కళ్లద్దాల మనిషి, అరవై ఒకటో ఏడు. పక్కనే అవతలి పార్టీ తరఫు మిట్జీ కవర్లు విప్పి అందిస్తోంది.

"మీ పార్టీవాళ్లకి కవరు అంటించడం కూడా రాదే," అంది మిట్జీ.

"మీవాళ్లకి నాలుక మీద తడి ఎక్కువలే," అంది లోర్నా. కాగితం మెషిన్లోకి జారింది. అంకె మారింది. ఆరు వందల తొంభై ఆరు.

కార్మోడీ గోడవారన మడత కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెయ్యి జేబులోనే ఉంది. డెల్ఫీన్ వాడి ముందు నిలబడి చూపుకు అడ్డమైంది.

"ప్లాన్ మారింది," అంది మెల్లగా.

"నాకెవరూ చెప్పలేదే."

ఆరు వందల తొంభై ఏడు.

"నీకు చెప్పనివి ఇంకా ఉన్నాయి. బటన్ నొక్కాక బయటపడ్డానికి రెండు నిమిషాలుంటాయన్నారు కదూ? రెండు సెకన్లు కూడా ఉండవు."

కార్మోడీ మొహంలో ఏదో కదిలింది. ఆ మాట నమ్మాలని లేదు, నమ్మకుండా ఉండనూలేడు. గార్త్ గోడవెంట అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నాడు. ఇంకా నాలుగు గజాలు.

ఆరు వందల తొంభై ఎనిమిది.

డెల్ఫీన్ వేళ్ల చివర్ల నుంచి ఒక చుక్క నేలమీద పడింది. కార్మోడీ ఆ చుక్కను చూశాడు. తల ఎత్తి గార్త్‌ని చూశాడు. ఎడమచేతిలోకి పిస్టల్ వచ్చింది. డెల్ఫీన్ తప్పుకోలేదు. రెండు చేతులతోనూ వాడి కుడి జేబును పట్టుకుని వేలాడింది. వాడు ఆమె పొట్టలో రెండుసార్లు కాల్చాడు. అయినా ఆమె వదల్లేదు.

హాలు మొత్తం కెవ్వుమంది. గార్త్ బల్ల మీదుగా దూకి వాడి మీద పడ్డాడు. పిస్టల్ చెయ్యి పట్టి మెలితిప్పాడు. మూడో గుండు పైకప్పులోకి పోయింది. కార్మోడీ తలతో గార్త్ ముక్కు పగలగొట్టాడు. చర్చి ఆడవాళ్లలో పెద్దావిడ మరిగే కాఫీ డ్రమ్మును అమాంతం ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించింది. వాడు పెట్టిన కేకకు కిటికీలు అదిరాయి. గార్త్ ఆ పిస్టల్ చేతినే వాడి గెడ్డం కిందికి విరిచి నొక్కాడు.

పిస్టల్ పేలింది. కార్మోడీ గోడకు జారగిలబడ్డాడు. జేబులోంచి బటన్ దొర్లి గార్త్ కాలిదగ్గర ఆగింది.

గార్త్ తల తిప్పి చూశాడు. కాల్పులకు ముందే ఇంకొకటి పడింది, అంకె ఆరు వందల తొంభై తొమ్మిది. చివరి తుపాకీ చప్పుడుకు లోర్నా కిందికి వంగినప్పుడు వేళ్ల మధ్య కాగితం మెషిన్ నోట్లోకి తోసుకుపోయింది. రోలర్ అందుకుంది. బ్యాలెట్ లోపలికి పోతోంది.

"అక్కా! లాగెయ్! లోపల బాంబు!"

నలభై ఏళ్లుగా ఆ తమ్ముడు గొంతెత్తి అరవడం లోర్నా వినలేదు. ఎందుకని అడగలేదు. రెండు చేతులతో కాగితం అంచు పట్టి, కాలు మెషిన్‌కు తన్నిపెట్టి వెనక్కి లాగింది. మోటారు మూలిగింది. కాగితం మధ్యకు చిరిగింది. సగం లోర్నా చేతిలోకి వచ్చి ఆమె వెల్లకిలా పడింది. మిగతా సగం రోలర్ల మధ్య నలిగి ఇరుక్కుంది.

కింద పడలేదు. అంకె మారలేదు.

*

జనాన్ని బయటికి తోలేసరికి అయిదు నిమిషాలు పట్టింది. గార్త్ డెల్ఫీన్‌ని మోసుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టాడు. ఆమె ఆకాశంకేసి చూస్తూ పోయింది. ఆమె ఎవరి మనిషో ఇంక అడగనక్కర్లేదు. గార్త్ తన జాకెట్ విప్పి మొహం మీద కప్పాడు.

రెండున్నరకు బాంబులు తీసేవాళ్లు వచ్చి పెట్టెను ఇసుక లారీలోకి ఎక్కించారు. కానీ ఆ పాటికి ఓటింగ్ మళ్లీ మొదలైపోయింది. లోర్నా మిట్జీని పక్కన పెట్టుకుని, పాత చెక్క పెట్టెకు తాళం వేసి, ట్రాక్టరు ట్రాలీ మీద పోలింగ్ పెట్టింది. చిరిగిన బ్యాలెట్‌కు రూలు ప్రకారం ఇద్దరూ కలిసి నకలు రాసి సంతకాలు చేశారు. తుపాకీ మోతలు విని పారిపోతారనుకున్నవాళ్లు చలిలో చేతులు రుద్దుకుంటూ రోడ్డు దాకా నిలబడ్డారు. మిల్లు వదిలాక ఆ క్యూ ఇంకా పెరిగింది.

గార్త్ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ క్యూలో నిలబడ్డాడు. వంతు వచ్చింది.

"పేరు, అడ్రసు," అంది లోర్నా, తల ఎత్తకుండా.

"అక్కా, నేనే."

"నువ్వేనని కనపడుతూనే ఉందిలే. కార్డు తియ్."

గార్త్ జేబులోంచి ఆఫీసు ఇచ్చిన మూడు దొంగ కార్డులు తీసి పెట్టాడు. మూడు పేర్లు, మూడు రాష్ట్రాలు. మూడింటి మీదా అతని ఫోటోయే. లోర్నా ఒక్కొక్కటే కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చదివి మిట్జీకి ఇచ్చింది. మిట్జీ చదివి తల అడ్డంగా ఊపింది. ఆ రోజంతటికీ రెండు పార్టీలూ ఏకమైన విషయం అదొక్కటే.

"ముగ్గురూ మంచివాళ్లలాగే ఉన్నారు గానీ, ఒక్కడికీ ఈ ఊళ్లో ఇల్లు లేదు," అంది లోర్నా, కార్డులు వెనక్కి ఇస్తూ. "పక్కకి జరుగు నాయనా. వెనక ఓటర్లున్నారు."