స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు

మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ వెనక స్నానాల గది ఒకటుంది. చీకటి పడ్డాక అటువైపు ఎవరూ వెళ్ళరు. లోపల ఎవరో స్నానం చేస్తుంటారట... చెంబు మీద చెంబు పోసుకుంటూనే ఉంటారట... ఎంతకీ ఒళ్ళు శుభ్రం కాదట. ఆ పేటలో మొండికేసిన పిల్లల చేత ముద్ద తినిపించడానికీ ఆ దెయ్యాన్నే పిలుస్తారు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మేనేజరుకి కూడా అంత పని లేదు.

కొలిమాయన మాత్రం ఆ మాటకి పగలబడి నవ్వేవాడు. పాత బ్యాటరీల సీసం కరిగించే కొలిమి దగ్గరే సగం జీవితం గడిపిన మనిషి. నిప్పుకి జడవనివాడు నీళ్ళ చప్పుడుకి జడుస్తాడా?

ఆ రాత్రి మాత్రం ఆయన మనసు మనసులో లేదు. పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్తే, కడుపుతో ఉన్న కూతురికి ఒంట్లో రక్తం బొత్తిగా లేదంది డాక్టరమ్మ. సీసం దుమ్ము చిన్నప్పుడు ఒంట్లో చేరినా ఇప్పుడు రక్తం తగ్గించొచ్చని, ఇంట్లో ఎవరైనా సీసం పని చేశారా అని కూడా ఆరా తీసింది.

"నేనే చేశానమ్మా. కానీ రోజూ అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకునే ఇంటికొచ్చేవాణ్ణి," అన్నాడాయన తడుముకోకుండా.

అలాగైతే వేరే పరీక్ష అక్కర్లేదని మాత్రలు రాసిచ్చింది. చీకటి పడ్డాక వెళ్ళి అవి కొనుక్కుని, కూతురు ఎదురుచూస్తుంటుందని ఫ్యాక్టరీ వెనక అడ్డదారి పట్టాడు.

స్నానాల గది గోడ దగ్గరికి రాగానే... చప్పుడు.

టప్... టప్... ఆగి, మళ్ళీ టప్...

నీళ్ళే.

"ఎవరది?" అన్నాడు. ఆ గొంతు ఆయనకే వినపడలేదు.

విరిగిన తలుపుని భుజంతో నెట్టి చూస్తే — గోడవారన ఒక మనిషి! తల వంచుకుని... చేతులు వేలాడేసి... ఒళ్ళంతా నీళ్ళు కారుతూ...

ఫోను లైటు వేశాడు. కొక్కేనికి వేలాడుతున్న పాత రబ్బరు కోటు. పైన పగిలిన గొట్టం. కప్పు మీద తొట్టిలో నిలిచిన వాన నీళ్ళు కోటు మీదుగా కారి, కింద బోర్లించిన బకెట్టు మీద పడుతున్నాయి.

"ఓరి నీ!" అని నవ్వబోయాడు. అంతలో లైటు పక్కనున్న గూట్లో పడింది. అక్కడొక సబ్బు బిళ్ళ... చుట్టిన కాగితం కూడా ఎవరూ విప్పలేదు. నవ్వు ఆగిపోయింది.

సీసం దుమ్ము కడుక్కోమని ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చే సబ్బు అది. ఆయన ఒక్కనాడూ దానితో ఒళ్ళు రుద్దుకోలేదు. గులాబీ రంగు, మంచి వాసన, అప్పటికి చిన్నపిల్లయిన కూతురికి బాగుంటుందని మురికి చొక్కా జేబులోనే వేసుకుని పరుగెత్తేవాడు. స్నానానికి ఆగితే పిల్ల నిద్రపోతుందని తొందర. గుమ్మంలోనే అది ఎగిరి మెడకి చుట్టుకునేది, ఆ చొక్కాలోనే మొహం దాచుకునేది. పొద్దున డాక్టరమ్మ ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు ఆ సబ్బు ముందు సిగ్గుతో చితికిపోయాడు.

ఇంటికొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది.

"ఆ దారినే వచ్చావా నాన్నా? అక్కడ దెయ్యం..."

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి ఆయన గట్టిగా నవ్వేశాడు. "దెయ్యమా, నా బొందా! బతికున్నప్పుడే మాలో ఒక్కడూ ఆ గదిలో చెంబెడు నీళ్ళు పోసుకోలేదు. చచ్చాక వచ్చి ఎవడు పోసుకుంటాడే?"

అనేశాక గానీ తెలియలేదు, ఏమన్నాడో.

కూతురు నవ్వలేదు. చెయ్యి మెల్లగా కడుపు మీదకి వెళ్ళింది.

"నాన్నా... మరి పొద్దున డాక్టరమ్మతో..."

ఆయన తలెత్తలేదు. "అబద్ధం చెప్పాను తల్లీ. సిగ్గేసింది."

"రేపు నాతో రా. పరీక్ష చెయ్యమని నువ్వే అడుగు," అంది గుసగుసగా. మాత్రల కోసం చెయ్యి చాపింది... సగంలోనే వెనక్కి తీసుకుంది. ఆయన భుజం మీద, ఆ తలుపు తాలూకు బూడిద రంగు దుమ్ము.

"ముందు... స్నానం చేసి రా నాన్నా."

ఆ రాత్రి నీళ్ళ చప్పుడు విన్నవాళ్ళు ఆ పేటలో చాలామందే ఉన్నారు. చెంబు మీద చెంబు... తెల్లవారేదాకా ఆగలేదట. ఫ్యాక్టరీ వైపు నుంచి కాదు... కొలిమాయన పెరట్లోంచి.