పుంగనూరు నుంచి పంతొమ్మిది కాల్స్

"తెలీని నెంబరు ఎత్తినావంటే సస్పెండ్ చేస్తా. అర్థమైందా?"

చీఫ్ కుప్పుస్వామి బ్రీఫింగ్ అంతే. 2006 జూన్. మదనపల్లె టమోటా మార్కెట్ వెనక, ఎరువుల గోడౌన్ అని బోర్డు తగిలించుకున్న సీక్రెట్ ఆఫీసు. ఎదురుగా నిలబడ్డవాడు ఏజెంట్ చెంగల్రాయుడు. లోకం దృష్టిలో అతను మండీలో మైకు పట్టుకుని వేలం పాడే గుమాస్తా. లుంగీ, చెవిమీద పెన్సిలు. పెన్సిల్లో ట్రాన్స్‌మిటర్.

"చేసేది కమలాక్షి అయితేనో సార్?"

"అప్పుడు డిస్మిస్."

కమలాక్షి కూడా వాళ్ళ ఏజెంటే. మార్టిన్ అనే విదేశీ గూఢచారి ముఠాలోకి రెండేళ్ళ కిందట డిపార్ట్‌మెంటే ఆమెను పంపింది. మార్టిన్‌ది ఏ దేశమో డిపార్ట్‌మెంటుకే సరిగ్గా తెలీదు. ఆమె బెంగుళూరు పార్టీల్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, అతని పక్కన మెరిసిపోతూ, ముఠా గుట్లన్నీ ఇక్కడికి చేరవేసేది. ఆర్నెల్ల కిందట రిపోర్టులు ఆగిపోయాయి. శత్రువుల్లో కలిసిపోయిందని రాసి ఫైలు మూసేశారు. చెంగల్రాయుడికి అంత సులువుగా మూయడం చేతకాలేదు. ఇద్దరికీ పెళ్ళి మాటలు కూడా అయ్యాయి మరి.

మర్నాడు ఉదయం ఏడింటికి సెల్ మోగింది. పుంగనూరు నెంబరు. కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్. పది దాటేసరికి పద్దెనిమిది కాల్స్ వచ్చాయి. నెంబర్లు మూడు, అన్నీ పుంగనూరు బస్టాండు రూపాయి కాయిన్ బాక్సులే. చేసేది ఎవరో అతనికి మొదటి కాల్‌కే తెలిసిపోయింది. అతనిది కోపం కాదు, భయం. ఆ గొంతు వింటే ఏం చెప్పినా నమ్మేస్తానని భయం.

పది ఇరవైకి పంతొమ్మిదోది. నాలుగు తిట్లు తిట్టి వదిలించుకుందామని ఎత్తాడు.

"రాయుడూ, నేను. ముందు రాసుకో. పది నలభైకి కుప్పం వచ్చే రైల్లో బాంబు ఉండాది. ఏ పెట్టెలోనో నాకు తెలీదు. మన డిఫెన్స్ సైంటిస్టులు నలుగురు దాంట్లోనే వస్తాండారు. మార్టిన్ స్టేషన్ ఎదురు లాడ్జిలో కూచోనుండాడు. రైలు ఆగతానే వాడు సెల్లు కొడితే పేలతాది. ఇదీ వాని నెంబరు."

రాసుకున్నాడు. తిట్లు మర్చిపోయాడు.

"ఇన్నాళ్ళూ యాడుంటివి?"

"నామీద అనుమానమొచ్చి ఇంట్లో పెట్టి తాళమేసిరి. రాత్రి తప్పించుకొని వస్తి. పొద్దున్నించీ సేస్తానే ఉండా. యాల ఎత్తలేదు?"

అంతలో లైను తెగిపోయింది. రూపాయి టైము అయిపోయిందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

విన్నదంతా చెప్పగానే పెన్సిల్లో చీఫ్ గొంతు: "రైలు ముందే ఆపితే వానికి అనుమానమొచ్చి అప్పుడే కొడతాడు. సైంటిస్టుల కోసం వచ్చిన బాంబు స్క్వాడ్ కుప్పం స్టేషన్లోనే ఉండాది. జనాన్ని దించి, బాంబు వెతికేదానికి పది నిమిషాలన్నా కావాల. లాడ్జిలో వాని గది పట్టుకునేదానికీ అంతే."

"వాని సెల్లు కట్ చేయించండి సార్."

"హైదరాబాదు నించి లెటర్ రావాల. సాయంత్రమైతాది."

చెంగల్రాయుడు యార్డంతా చూశాడు. నాలుగొందల మంది రైతులు, వాళ్ళ పెట్టెలు. మండీకి ఫోన్ చేసి రేటు కనుక్కోకుండా ఈ చుట్టుపక్కల ఏ రైతూ కాయ కోయడు. ఇంకెవరు చెప్పినా నమ్మడు, తన చెవితో వినాల్సిందే. చెంగల్రాయుడు గడియారం చూసుకుంటూ పది ముప్పైతొమ్మిదికి మైకు అందుకున్నాడు.

"రైతన్నలకు మనవి! ఈ పొద్దు నించి రేటు చెప్పేదానికి కొత్త నెంబరు. ముందు ఫోన్ చేసినోళ్ళ సరుకు ముందు పాడతాం. ఊర్లో ఉండే మీవాళ్ళకీ చెప్పండప్పా!"

నెంబరు మూడుసార్లు చదివాడు.

కుప్పంలో జరిగింది తర్వాత రిపోర్టులో వచ్చింది. రైలు ఆగింది. మార్టిన్ సెల్ తీశాడు. అది మోగింది. "ఏమప్పా, నెంబర్ వన్ కాయ పెట్టె ఎంత?" కట్ చేశాడు. "సామీ, మాది రామసముద్రం. నాటుకాయ ఎంత పలకతాండాది?" కట్ చేశాడు. నాలుగు అంకెలు నొక్కేలోపు ఇంకొకటి. ఆఫ్ చేసి ఆన్ చేశాడు. గుడుపల్లె నుంచి ఒక ముసలామె, కోయమంటావా వద్దా తేల్చమని పట్టుబట్టింది. కింద ప్లాట్‌ఫారం మీద జనం దిగుతూనే ఉన్నారు. ఎట్టకేలకు పది అంకెలూ నొక్కగలిగాడు మార్టిన్. అదే సెకనులో ఏడో పెట్టెలో, సీటు కింద, స్క్వాడ్ వాళ్ళు వైరు కత్తిరించారు. బాంబులోని ఫోన్ మోగింది. మోగడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. పోలీసులు తలుపు తోసేసరికి మార్టిన్ టమోటా రేటు తనకు తెలీదని ఇంగ్లీషులో మొత్తుకుంటున్నాడు.

చెంగల్రాయుడు మైకు దించగానే జీపెక్కి, పదకొండు దాటాక పుంగనూరు చేరాడు. బస్టాండులో జనం మూగి ఉన్నారు. కాయిన్ బాక్సు కింద నెత్తురు. శవాన్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ కాయిన్ బాక్సు అంగడి ఓనరు మునిరత్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉంది.

"ఇద్దరొచ్చి పొడిచేసి పాయిరప్పా. ఏడింటి నించీ ఈడనే ఉండె ఆ యమ్మ. ఈ మూడంగళ్ళకే తిరగతా ఉండె. పలమనేరు బస్సులు మూడు పాయ. ఎవరో ఎతుకుతాండారని బయపడతానే ఉండె. పోమ్మా, వాళ్ళు ఎత్తేట్టు లేరు అంటి. ఎత్తుతాడక్కా, ఇంగొక్కటి సేస్తా అనె. సిల్లర నేనే ఇస్తి."

మొదటి కాల్ ఎత్తి ఉంటే మొదటి బస్సు ఎక్కేది. అంతకు మించి ఆలోచించడానికి ఏమీ లేదు. ఎన్నో వేషాలు వేసి ఎవరికీ దొరకని ఏజెంటు, ఆ అంగడి మెట్టు మీద కూలబడి, బస్సుల కోసం వచ్చినవాళ్ళంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. మునిరత్నమ్మ నీళ్ళిచ్చింది. తాగలేకపోయాడు.

అతనికి మెడల్ ఇచ్చారు. కమలాక్షి ఫైల్లో ఒక వాక్యం కొట్టేశారు.

ఏడాది తర్వాత చీఫ్ పిలిపించాడు.

"ఏమప్పా రాయుడూ, ఆడిట్‌లో బయటపడింది. నీ పేర రెండు ఇన్సూరెన్సులు, నాలుగు క్రెడిట్ కార్డులు, ఐదు కాలర్ ట్యూన్లు. ఫోన్లో ఎవరు అంటగట్టినా తీసుకుంటావా?"



"ఊరూ పేరూ తెలీని ఆడపిల్లలు సార్, ఏ ఫోన్ బూతులో కూచోని చేస్తాండారో. వాళ్ళు బస్సెక్కి ఇల్లు చేరాల కదా, అందుకే తొందరగా సరే అనేస్తాండా."